విహారద్వీపం, నివాసద్వీపం: ముంబయి నగర సందర్శన చరిత్రలో ఘరాపురి (ఎలిఫెంటా)

వ్యాససంగ్రహం

ముంబయి రేవులోని ఘరాపురి ద్వీపం గుహాలయాల వల్ల ప్రపంచప్రసిద్ధమైంది. ఆ గుహల శిల్పకళ, కాలనిర్ణయం, మతసంప్రదాయాలపై విస్తారమైన పరిశోధన జరిగింది. నగరం నుండి ఆ ద్వీపానికి ఒక్కరోజు వెళ్లిరావడం అనే ఆచారానికి కూడా ఒక చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర ఇంతవరకు శిల్పచరిత్రకు అనుబంధంగానే మిగిలిపోయింది. 16వ శతాబ్దం నుండి నేటి వరకు ఘరాపురికి వచ్చిన సందర్శకులు ఎవరు, వారు అక్కడ ఏమి చూశారు, ఏమి తీసుకుపోయారు, ఎవరిని గమనించలేదు అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నగరవిహారం అనే చట్రం జనావాసమైన ఒక ద్వీపాన్ని క్రమంగా ఒక గుహగా కుదించిందని, ఆ కుదింపు ఫలితం ద్వీపవాసుల దైనందిన జీవితంలో కనబడుతుందని నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: ఘరాపురి, ఎలిఫెంటా, ముంబయి, సందర్శన చరిత్ర, వారసత్వ పరిరక్షణ, ద్వీపవాసులు.

1. ప్రవేశిక

ముంబయిలోని గేట్‌వే ఆఫ్ ఇండియా మెట్ల వద్ద పడవ ఎక్కిన సందర్శకుడు సుమారు గంటసేపట్లో ఘరాపురి చేరుతాడు. దూరం 10 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. రేవు నుండి మెట్ల వరుస, మెట్లకు ఇరువైపులా అంగళ్లు, పైన టికెట్టు గది, ఆపైన గుహ. సాయంత్రానికి అతడు తిరిగి పడవ ఎక్కాలి. సందర్శకులు రాత్రి బస చేయడానికి అనుమతి లేదు. సోమవారం గుహలకు సెలవు.

ఈ క్రమం సహజమైనదిగా, ఎప్పటినుండో ఉన్నదిగా తోస్తుంది. నిజానికి దీనిలోని ప్రతి అంశమూ ఒక్కొక్క చారిత్రక దశలో ఏర్పడినదే. ద్వీపం పేరు పోర్చుగీసులు ఇచ్చినది. గుహను కొలిచి, గీసి, వర్ణించే పద్ధతి ఐరోపా యాత్రికులు నెలకొల్పినది. ఉదయం వెళ్లి సాయంత్రం మరలివచ్చే అలవాటు బొంబాయి మహానగరంగా ఎదిగిన కాలంలో స్థిరపడినది. టికెట్టు, సెలవుదినం పురావస్తు పాలనకు చెందినవి. ఈ పొరలను విడదీసి చూస్తే తప్ప, అదే ద్వీపంలో రాజబందర్, శేట్‌బందర్, మోరాబందర్ అనే మూడు పల్లెలున్నాయనీ, అక్కడ సుమారు 1200 మంది నివసిస్తున్నారనీ సందర్శకుని దృష్టికి ఎందుకు రాదో అర్థం కాదు.

2. విహారానికి పూర్వం

ఘరాపురి తొలుత ఒక రేవు. ద్వీపంలో రెండు కొండలున్నాయి. పడమటి కొండపై శైవగుహలు, తూర్పు కొండపై ఇటుకలతో కట్టిన బౌద్ధస్తూపపు శిథిలాలు ఉన్నాయి. తీరప్రాంతంలో రోమన్ ఆంఫోరాల పెంకులు లభించాయి. అంటే గుహాలయం వెలియకముందే ఈ ద్వీపానికి సముద్రవాణిజ్యంతో సంబంధం ఉన్నది.

ప్రధానగుహను క్రీ.శ. 6వ శతాబ్దం మధ్యభాగానికి చెందినదిగా పలువురు పండితులు భావిస్తున్నారు. ద్వీపంలో దొరికిన కలచురి కృష్ణరాజు నాణేలు, శిల్పశైలి ఈ అభిప్రాయానికి ఆధారాలు. గుహను తొలిపించినవారి పేరు చెప్పే శాసనం నేడు లేదు. రెండవ పులకేశి ఐహోలు శాసనం (క్రీ.శ. 634) కొంకణ మౌర్యులపై విజయాన్ని, నౌకాబలంతో ‘పురి’ అనే నగరాన్ని ముట్టడించడాన్ని పేర్కొంటుంది. ఆ పురి ఈ ఘరాపురియేనా అన్న విషయంలో పండితులలో ఏకాభిప్రాయం లేదు. ఈ పులకేశి తమ్ముడైన కుబ్జవిష్ణువర్ధనుడే వేంగిలో తూర్పు చాళుక్య రాజ్యాన్ని స్థాపించాడు. పడమటి తీరపు ద్వీపాలూ కృష్ణా గోదావరీ మధ్యదేశమూ ఒకే రాజకుటుంబపు దండయాత్రల పరిధిలోకి వచ్చిన కాలమది.

ఉత్తరద్వారం నుండి వెనుకగోడ వరకు ప్రధానగుహ సుమారు 39 మీటర్లు ఉంటుంది. నాలుగు ద్వారాల గర్భగృహంలో శివలింగం, ప్రతి ద్వారానికీ ఇరువైపులా ద్వారపాలకులు, గోడలపై గంగాధర, అర్ధనారీశ్వర, కల్యాణసుందర, అంధకాసురవధ, రావణానుగ్రహ, నటరాజ ఫలకాలు, దక్షిణపు గోడ మధ్యలో ఐదు మీటర్లకు మించిన సదాశివమూర్తి ఉన్నాయి. ఈ నిర్మాణంలో భక్తుడు నడవవలసిన మార్గాలు రెండు. ఒకటి తూర్పు నుండి పడమరగా లింగం వైపు సాగుతుంది. రెండవది ఉత్తరం నుండి దక్షిణంగా సదాశివుని వైపు సాగుతుంది. నేటి సందర్శకులు ప్రధానంగా రెండవ మార్గాన్నే అనుసరిస్తారు. పూజకు కేంద్రమైన లింగం పక్కదారి చూపుగా మారి, చూడటానికి కేంద్రమైన మూర్తి ప్రధానం కావడం ఈ గుహ చరిత్రలోని మొదటి మార్పు.

3. పేరు మార్పు: పోర్చుగీసుల కాలం

1534లో గుజరాత్ సుల్తాను బహదూర్ షా కుదుర్చుకున్న సంధి ద్వారా వసయీతో పాటు ఈ ప్రాంతపు ద్వీపాలు పోర్చుగీసుల వశమయ్యాయి. ద్వీపపు దక్షిణతీరాన ఒక రాతి ఏనుగు ఉండేది. దాన్ని బట్టి వారు ఈ ద్వీపాన్ని ఏనుగు ద్వీపమని పిలిచారు. స్థానికులు ఘరాపురి అనే పేరును విడిచిపెట్టలేదు. పటాలలోను, యాత్రాగ్రంథాలలోను మాత్రం ఎలిఫెంటాయే నిలిచింది. రేవులోకి వచ్చే నావికుడు తొలుత చూసే గుర్తు ద్వీపానికి పేరయింది. ఆ పేరులోనే బయటివాని దృష్టికోణం ఇమిడి ఉన్నది.

పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1534 ప్రాంతంలో ఈ గుహను చూశాడు. 1563లో గోవాలో అచ్చయిన తన గ్రంథంలో దాన్ని ప్రస్తావిస్తూ, తాను చూసినప్పటికంటే అది బాగా దెబ్బతిన్నదని, పశువులు లోపలికి పోవడం అందుకు కారణమని రాశాడు. నౌకాధికారి జువావ్ ద కాస్త్రో గోవా నుండి దీవు వరకు సాగిన యాత్రావర్ణనలో గుహ కొలతలను నమోదు చేశాడు. గుహలో ఉన్న ఒక శిలాశాసనాన్ని పోర్చుగల్ రాజుకు పంపారని, దాన్ని చదవగలవారు దొరకలేదని చరిత్రకారుడు దియోగు దు కోతు పేర్కొన్నాడు. ఆ శాసనం తరువాత కనబడలేదు. గుహ నిర్మాతల పేరు తెలియకపోవడానికి ఇది ప్రధాన కారణం కావచ్చు.

పోర్చుగీసు సైనికులు కాల్పులు జరిపి శిల్పాలను ధ్వంసం చేశారన్న కథనం విస్తృతంగా ప్రచారంలో ఉన్నది. సైనికుల విధ్వంసానికి సమకాలీన రచనల ఆధారం ఉన్నప్పటికీ, నష్టమంతటినీ దానికే ఆపాదించడం సరికాదు. ఓర్తా చెప్పిన పశువులు, వానాకాలపు నీటి ఊట, శిలలోని పగుళ్లు, తరువాతి సందర్శకులు విరిచి తీసుకుపోయిన ముక్కలు కూడా లెక్కలోకి రావాలి. ధ్వంసకర్త ఒక్కడే అయితే కథ సులువవుతుంది. అయితే ఆ సులువైన కథలో విహారయాత్రికుల వంతు మరుగున పడుతుంది.

4. కొలతలు, చిత్రాలు, విహారాలు: కంపెనీ కాలం

1661 వివాహసంధితో బొంబాయి ఇంగ్లండు రాజుకు, 1668లో ఈస్టిండియా కంపెనీకి దక్కింది. ఘరాపురి మాత్రం వెంటనే వారి చేతికి రాలేదు. సాష్టి (సాల్సెట్) ద్వీపంతో పాటు 1774లో కంపెనీ సేనలు దీన్ని ఆక్రమించాయి. అంతకుముందే బొంబాయి తెల్లవారికి ఈ ద్వీపం చూడదగిన చోటుగా పరిచితమైంది. డెన్మార్క్ రాజు పంపిన అన్వేషక బృందంలో ప్రాణాలతో మిగిలిన కార్స్టెన్ నీబూర్ 1764లో ఇక్కడికి వచ్చి, గుహ ప్రణాళికను, శిల్పాలను గీసుకున్నాడు. ఆ రేఖాచిత్రాలు ఐరోపా పాఠకులకు భారతీయ శిల్పాన్ని పరిచయం చేసిన తొలి ఆధారాలలో చేరాయి.

ఆ తరువాతి అర్ధశతాబ్దంలో ఘరాపురి సందర్శన ఒక సాహిత్యాంశంగా స్థిరపడింది. 1795లో గోల్డింగ్‌హామ్ వ్యాసం ‘ఏషియాటిక్ రిసర్చెస్’లో వెలువడింది. మరియా గ్రాహమ్ 1812లో ప్రచురించిన దినచర్యలోను, జేమ్స్ ఫోర్బ్స్ 1813 నాటి స్మృతిగ్రంథంలోను, 1825లో బొంబాయికి వచ్చిన బిషప్ హీబర్ యాత్రావర్ణనలోను ఈ గుహ కనబడుతుంది. విలియం అర్స్కిన్ రాసిన సమగ్ర వివరణ 1819లో బొంబాయి సాహిత్యసంఘం ప్రచురణలో వచ్చింది.

ఈ రచనల నిర్మాణంలో ఒక పోలిక ఉన్నది. పడవ ప్రయాణం, తీరపు పచ్చదనం, ఏనుగు, ఎక్కుడు దారి, చీకటి గుహ, మూడుముఖాల మూర్తి, ఆశ్చర్యం, తిరుగు ప్రయాణం. రచయితలు మారినా క్రమం మారదు. ద్వీపవాసులు పడవ లాగేవారుగా, దారి చూపేవారుగా మాత్రమే తారసపడతారు. వారిని ప్రశ్నించి తెలుసుకున్నది తక్కువ.

ఈ పద్ధతికి శాస్త్రపరమైన పర్యవసానం కూడా ఉన్నది. మూడుముఖాల మూర్తిని చూసిన తొలి యాత్రికులు దాన్ని బ్రహ్మవిష్ణుమహేశ్వరుల త్రిమూర్తిగా భావించారు. ఆ పేరు ఎంతగా పాతుకున్నదంటే, టి.ఎ. గోపీనాథరావు వంటి మూర్తిశాస్త్రవేత్తలు అది శివుని మహేశమూర్తి అని నిరూపించిన శతాబ్దం తరువాత కూడా మార్గదర్శకుల నోట త్రిమూర్తియే వినబడుతుంది. ఆగమగ్రంథాల ఆధారంతో చేసిన నిర్ణయం కంటే విహారయాత్రికుని తొలి ఊహకే ఆయుర్దాయం ఎక్కువైంది.

5. ఏనుగు నగరానికి రావడం

ద్వీపానికి పేరిచ్చిన ఏనుగు ఇప్పుడు ద్వీపంలో లేదు. 1814లో దాని తల, మెడ విరిగిపడ్డాయి. 1864లో దాన్ని ఇంగ్లండుకు తరలించే ప్రయత్నం జరిగింది. ఎత్తే యంత్రం విరిగి విగ్రహం ముక్కలైంది. ఆ ముక్కలు బొంబాయి బైకల్లాలోని విక్టోరియా ఉద్యానానికి చేరాయి. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో వాటిని తిరిగి అతికించారు. నేడు ఆ ఏనుగు డాక్టర్ భావుదాజీ లాడ్ మ్యూజియం ఆవరణలో నిలిచి ఉన్నది.

ఈ సంఘటన నగరానికీ ద్వీపానికీ మధ్య ఉన్న సంబంధానికి గట్టి నిదర్శనం. సందర్శకుడు ద్వీపానికి వెళ్లడం ఒక దిశ. ద్వీపంలోని వస్తువు నగరానికి రావడం రెండవ దిశ. శాసనం పోర్చుగల్ వెళ్లింది, ఏనుగు బైకల్లా వెళ్లింది. పేరు మాత్రం ద్వీపంలో మిగిలింది. రేవు నుండి ఏనుగును చూసి పెట్టిన పేరుకు ఇప్పుడు ఆ రేవులో ఆధారం లేదు.

6. గుహలో విందు: నగరవిహారం స్థిరపడటం

19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో బొంబాయి నూలుమిల్లులతో, రైలుమార్గాలతో మహానగరమైంది. 1872 జనగణనలో నగర జనాభా 6,44,405. ఇరుకు, ఉక్క, అంటురోగాల మధ్య బతికే నగరానికి బయటి గాలి అవసరమైంది. ఠాణే కలెక్టరు హ్యూ మాలెట్ 1850లో మాథేరాన్ కొండను గుర్తించిన తరువాత అది వేసవి విడిదిగా పెరిగింది. కొండకు వెళ్లడానికి తీరిక, డబ్బు కావాలి. ఘరాపురికి ఒక పగలు చాలు. నగరానికి దగ్గరగా ఉంటూనే నగరం కానిది కావడం దాని ఆకర్షణ.

1875 నవంబరులో బొంబాయికి వచ్చిన వేల్స్ యువరాజుకు ప్రధానగుహలోనే విందు ఏర్పాటయింది. గుహ దీపాలంకరణతో వెలిగింది. రాజకీయంగా చూస్తే ఇది పాలకుని ప్రదర్శన. సందర్శన చరిత్ర దృష్టిలో దీని ప్రాముఖ్యం వేరు. శివసన్నిధి భోజనశాలగా మారవచ్చునన్న భావన ఆనాటి అధికారవర్గానికి అసహజంగా తోచలేదు. అంతవరకు వందేళ్లపాటు సాగిన విహారాలకు ఈ విందు అధికారిక రూపం.

అదే కాలంలో ఈ గుహ పూజాస్థలంగా కూడా కొనసాగింది. 1882లో వెలువడిన బొంబాయి ప్రెసిడెన్సీ గెజెటీరు ఠాణే సంపుటం శివరాత్రినాడు ఇక్కడ జరిగే తిరునాళ్లను, నగరం నుండి వచ్చే వర్తకుల భక్తిని నమోదు చేసింది. కాబట్టి ‘నగర సందర్శకుడు’ అంటే ఆంగ్లేయుడు మాత్రమే అనుకోవడం పొరపాటు. ఒకే పడవరేవు నుండి రెండు రకాల యాత్రలు బయలుదేరాయి. ఒకదానికి తిథి ప్రమాణం, రెండవదానికి ఆదివారం ప్రమాణం. యాత్రాగ్రంథాలలో చోటు దొరికినది రెండవదానికే.

7. రక్షిత స్మారకం, ప్రపంచ వారసత్వం

20వ శతాబ్దంలో గుహలు పురావస్తుశాఖ రక్షణలోకి వచ్చాయి. హీరానంద శాస్త్రి 1934లో ప్రచురించిన మార్గదర్శి గ్రంథం శాస్త్రీయ వివరణను సామాన్య సందర్శకునికి అందించింది. 1987లో యునెస్కో ఎలిఫెంటా గుహలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకు రెండేళ్ల ముందే, 1985లో, మహారాష్ట్ర ప్రభుత్వం ద్వీపాన్ని, తీరం నుండి ఒక కిలోమీటరు వరకు గల ప్రాంతాన్ని నిషిద్ధ మండలంగా ప్రకటించింది.

ఈ రక్షణ అవసరాన్ని కాదనడానికి వీలులేదు. ఎదుటితీరంలో నావాశేవా రేవు, సమీపంలోని బుచర్ ద్వీపంలో చమురు నిల్వలు ఉన్నాయి. కట్టడాలను అదుపు చేయకపోతే శిల్పాలతోపాటు ద్వీపపు రూపురేఖలే మారిపోయేవి. అయితే ఒక స్థలాన్ని స్మారకంగా నిర్వచించినప్పుడు ఆ నిర్వచనంలో ఇమడని విషయాలకు ఏ స్థానం ఉంటుందన్న ప్రశ్న మిగులుతుంది. సోమవారపు సెలవు ఇందుకు చిన్న ఉదాహరణ. శివునికి ప్రీతిపాత్రమని ఆస్తికలోకం భావించే వారమే ఈ శివాలయానికి సెలవుదినమైంది. దీని వెనుక దురుద్దేశం లేదు. కార్యాలయపు పంచాంగం ఆలయపు పంచాంగాన్ని పట్టించుకోలేదు, అంతే.

విహారపు పరిభాష సముద్రమార్గాన్ని కూడా మరుగుపరచింది. గేట్‌వే నుండి ఘరాపురికి పోయే దారి నౌకాదళ ఓడలు, సరకు ఓడలు, చేపల పడవలు తిరిగే రేవు మధ్యగా సాగుతుంది. 2024 డిసెంబరు 18న ఎలిఫెంటాకు పోతున్న ప్రయాణికుల పడవను ఇంజను పరీక్షలో ఉన్న నౌకాదళపు వేగపడవ ఢీకొన్నది. ఆ దుర్ఘటనలో 15 మంది మరణించారు. పర్యాటకునికి ఒక్కనాటి ప్రయాణమైన ఈ దారి ద్వీపవాసికి ఆసుపత్రికి, బజారుకు, పైచదువుకు పోయే నిత్యమార్గమని ఈ సందర్భంలో గుర్తుంచుకోవాలి.

8. పల్లెకు వెలుగు

ఘరాపురి పరిపాలనాపరంగా రాయ్‌గఢ్ జిల్లా ఉరణ్ తాలూకాకు చెందుతుంది. ప్రజలు వరిసాగు, చేపల వేట, పడవల మరమ్మతు, పర్యాటకులకు అమ్మకాలు చేసుకుని జీవిస్తారు. 2018 ఫిబ్రవరిలో సముద్రగర్భం గుండా సుమారు ఏడున్నర కిలోమీటర్ల తీగ వేసి ఈ పల్లెలకు విద్యుత్తు సరఫరా చేశారు. అంతవరకు సాయంకాలం కొన్ని గంటలు డీజిలు జనరేటరు ఇచ్చే వెలుగే ఆధారం.

ఈ తేదీని మరి రెండు తేదీల పక్కన ఉంచి చూడాలి. నేటి రాయ్‌గఢ్ జిల్లాలోనే ఉన్న ఖోపోలీలో టాటాల జలవిద్యుత్కేంద్రం 1915లో బొంబాయి మిల్లులకు విద్యుత్తు ఇవ్వనారంభించింది. సహ్యాద్రి నీటితో పుట్టిన ఆ విద్యుత్తు నగరాన్ని చేరిన 103 సంవత్సరాల తరువాత, నగరపు దీపాలు కంటికి కనబడే దూరంలోని ఘరాపురి పల్లెలకు విద్యుత్తు వచ్చింది. యునెస్కో గుర్తింపు నుండి లెక్కించినా ఈ వ్యవధి 31 సంవత్సరాలు. 1875లో ఒక రాత్రి విందు కోసం గుహను దీపాలతో నింపడం సాధ్యపడింది. అక్కడి ఇళ్లలో రాత్రంతా దీపం వెలగడానికి మరి 143 ఏళ్లు పట్టింది.

సముద్రం అడ్డుగా ఉండటం, ఖర్చు, తక్కువ జనాభా, నిర్మాణాలపై ఆంక్షలు ఈ ఆలస్యానికి కారణాలుగా చెప్పవచ్చు. అవన్నీ వాస్తవాలే. కాని అవే అడ్డంకుల మధ్య మెట్లు, రేవుగట్టు, చిన్న రైలుబండి, టికెట్టు గది ఏర్పడ్డాయి. సాయంత్రం మరలిపోయేవారి అవసరాలు పగటితో ముగుస్తాయి. వారి కోసం రూపొందిన ఏర్పాట్లలో రాత్రికి చోటు లేకపోయింది. పగటి ద్వీపం నగరానిది, రాత్రి ద్వీపం పల్లెది. ప్రణాళికలు పగటి ద్వీపానికే తయారయ్యాయి.

9. ముగింపు

పై పరిశీలన వల్ల కింది అంశాలు తేలుతున్నాయి.

1. ఘరాపురి సందర్శన ఒకే విధంగా సాగిన ఆచారం కాదు. వాణిజ్యం, ఆరాధన, నౌకాయాత్ర, పురాతత్త్వ కుతూహలం, నగరవిహారం, వారసత్వ పర్యాటకం అనే దశల్లో అది రూపాంతరం చెందింది. ఆరాధన తరువాతి దశలలో కూడా సమాంతరంగా నిలిచింది.

2. ప్రతి దశలోను సందర్శకుడు ద్వీపం నుండి ఏదో ఒకటి తీసుకుపోయాడు. శాసనం, ఏనుగు వంటి వస్తువులు వీటిలో కొన్ని. ద్వీపానికి పేరు పెట్టే హక్కు, మూర్తిని గుర్తించే హక్కు కూడా అలాగే చేతులు మారాయి.

3. శిల్పాల నష్టాన్ని ఒక్క పోర్చుగీసు సైనికులకే ఆపాదించడం ఆధారాల పూర్తిస్వరూపానికి న్యాయం చేయదు.

4. ఒక్కరోజు విహారం అనే చట్రం ద్వీపాన్ని గుహగా, గుహను ఒక మూర్తిగా కుదించింది. విద్యుత్తు విషయంలో జరిగిన ఆలస్యం ఈ కుదింపునకు స్పష్టమైన తార్కాణం.

తెలుగు నేలపై కూడా నది మధ్య లంకలు, జలాశయ ద్వీపాలు పర్యాటక స్థలాలుగా ప్రసిద్ధి పొందుతున్నాయి. వాటి చరిత్ర రాసేవారు స్మారకంతో ఆగకుండా, చివరి పడవ వెళ్లిన తరువాత అక్కడ ఎవరు మిగులుతారన్న ప్రశ్నతో పరిశోధన ప్రారంభించడం అవసరం. ఘరాపురి విషయంలో ఆ ప్రశ్నకు ఏడవ శతాబ్దపు శాసనం నుండి 2018 నాటి విద్యుత్తు తీగ వరకు ఆధారాలు ఉన్నాయి. ఇంతవరకు వాటిని ఒకచోట ఉంచి చదవకపోవడమే లోపం.